డాలస్ దారి ఉత్తరానికి

మా పెద్దమ్మ డిసెంబరులో డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళి, ఎండాకాలం చివర్లో తిరిగొచ్చింది. పట్టుకెళ్ళిన ఆవకాయ సంగతి, మనవరాలి తెలుగు సంగతి అన్నీ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అసలు సందేహం బయటపెట్టింది.

"ఏరా, టెక్సాస్ అంటే మనలాగే ఎండలు మండే చోటన్నారు. మరి విమానం మంచుదేశాల మీంచి ఎందుకు తీసుకెళ్ళాడు? ఎదురుగా ఉన్న తెరమీద చూద్దును కదా, గ్రీన్‌లాండ్ అని ఉంది. దారి తప్పాడేమోనని కళ్ళు మూసుకుని హనుమంతుణ్ణి తలుచుకున్నాను."

అంతటితో ఆగలేదు. దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు కూర్చోబెట్టినవాడు, వచ్చేటప్పుడు పదిహేను గంటలు కూడా కాకుండానే ఎలా దించాడన్నది రెండో ప్రశ్న. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో ఎక్కితే, డాలస్‌లో దిగేసరికి ఇంకా సోమవారం మధ్యాహ్నం రెండున్నరే ఎందుకైంది అన్నది మూడోది. "అంతసేపు కూర్చున్నానే, ఆ గంటలన్నీ ఏ గంగలో కలిశాయిరా?"

అమెరికా వెళ్ళొచ్చిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ మూడు సందేహాలూ ఉంటాయి. అడగడానికే మొహమాటం. హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం అని ఫోనులో వెతికితే ఒక అంకె వస్తుంది. ఎన్ని గంటలు అంటే ఇంకో అంకె వస్తుంది. మొదటి అంకె భూమిది, అది మారదు. రెండో అంకెలో గాలి, కొండలు, దేశాల తగవులు, చివరికి గోడమీది గడియారం కూడా వాటాదారులే.

పుచ్చకాయ మీద చీమ

బడిలో గోడకు వేలాడదీసిన ప్రపంచ పటం మన బుర్రలో ఎంత గట్టిగా అచ్చుపడిందంటే, అమెరికా అనగానే చెయ్యి పడమటివైపు లేస్తుంది. అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటితే అమెరికా. ఆ పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి డాలస్‌కి గీత గీసి, ఆ గీత వెంటే ఎగిరితే 17,600 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. అసలు దగ్గరి దారి మాత్రం సుమారు 14,400 కిలోమీటర్లు. తేడా 3,200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండున్నర సార్లు ఎగిరినంత.

ఇదెలాగో తెలియాలంటే పటం పక్కనపెట్టి చారల పుచ్చకాయ తెచ్చుకోండి. తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. తొడిమ నుంచి కిందికి దిగే చారలు రేఖాంశాలు. ఒక చార మీద హైదరాబాద్ ఉన్నచోట సున్నపు చుక్క పెట్టండి. డాలస్ ఎక్కడుంటుంది? కాయను దాదాపు సగం తిప్పితే కనిపించే అవతలి చార మీద. హైదరాబాద్ రేఖాంశం తూర్పుకు 78 డిగ్రీల చిల్లర, డాలస్ పడమరకు 97 డిగ్రీలు. రెంటి మధ్యా 175 డిగ్రీల పైన. నూట ఎనభై అయితే సరిగ్గా ఎదురెదురు.

ఇప్పుడు ఒక చీమను హైదరాబాద్ చుక్క దగ్గర వదిలి, డాలస్ చుక్క దగ్గర బెల్లం ముక్క పెట్టామనుకోండి. కాయ నడుము చుట్టూ తిరిగి వెళ్ళడం చీమకు దండగ. తొడిమ పక్కనుంచి అవతలికి దిగడమే దగ్గర. నమ్మకం కుదరకపోతే రెండు చుక్కల మధ్యా దారం బిగించి చూడండి. దారం తనంతట తాను తొడిమ వైపే జరుగుతుంది. గోళం మీద అలా బిగిసిన దారాన్ని మహావృత్త మార్గం అంటారు. విమానాల వాళ్ళ భాషలో గ్రేట్ సర్కిల్.

హైదరాబాద్–డాలస్ దారం ఎటు పోతుందో లెక్క వేస్తే వింతగా ఉంటుంది. అది బయలుదేరేది పడమరకు కాదు, ఉత్తరానికి. నిట్టనిలువు ఉత్తరం నుంచి పడమరకు ఒరిగేది అయిదు డిగ్రీలే. ఢిల్లీ మీదుగా, కార్గిల్ పరిసరాల్లోంచి, చైనా పడమటి కొసనున్న కాష్గర్ మీదుగా, సైబీరియాలోని ఓమ్స్క్ మీదుగా సాగి, ఉత్తర ధ్రువానికి 520 కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళి, అవతల కెనడాలో హడ్సన్ అఖాతం దాటుకుని డాలస్‌లో దిగుతుంది. టెక్సాస్‌లోనే ఇంకొంచెం పడమరగా మిడ్‌ల్యాండ్ అనే ఊరుంది. అక్కడికైతే దారం దాదాపు ధ్రువం నడినెత్తి మీంచే పోతుంది.

పెద్దమ్మ ఎక్కింది దుబాయ్ మీదుగా వెళ్ళే విమానం. దుబాయ్–డాలస్ దారం అంత పైకి పోదు గానీ, 67వ అక్షాంశం దాకా ఎక్కుతుంది. అంటే ఐస్‌లాండ్ ఉత్తరపు అంచు, ఆ తర్వాత గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం. పైలట్ దారి తప్పలేదు పెద్దమ్మా, బిగించిన దారం వెంటే పోయాడు. వంకర ఉన్నది తెరమీది పటంలో. గుండ్రటి భూమి తొక్క ఒలిచి బల్లమీద పరిస్తే, తిన్నటి దారి విల్లులా వంగి కనిపిస్తుంది.

దారం ఉంది, దారి లేదు

అయితే ఢిల్లీ, కార్గిల్, సైబీరియాల మీదుగా హైదరాబాద్ నుంచి తిన్నగా డాలస్‌కే పోవచ్చు కదా? దూరం అడ్డం కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైన ఆగకుండా రోజూ ఎగురుతున్నారు. 2005లో బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం హాంకాంగ్ నుంచి తూర్పుగా లండన్ దాకా 21,602 కిలోమీటర్లు ఒక్క బిగిన ఎగిరి రికార్డు సృష్టించింది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు పదిహేడు గంటల పైచిలుకులో వచ్చింది. అదే నెలలో హైదరాబాద్–షికాగో మధ్య కూడా ఆగకుండా విమానం మొదలైంది గానీ, ఎంతోకాలం నడవలేదు.

మొదటి అడ్డంకి కొండలు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది, హిమాలయం తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు, మరి భయమెందుకు అనిపిస్తుంది. లోపల గాలి పీడనం పడిపోయిన రోజున తెలుస్తుంది ఎందుకో. తలమీద ఊడిపడే ఆక్సిజన్ మాస్కులు చాలా విమానాల్లో పావుగంట అటూ ఇటుగా మాత్రమే పనిచేస్తాయి. ఆలోగా విమానం మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. అక్కడ దిగడానికి కింద చోటేదీ? అందుకే విమానాలు ఆ పీఠభూమిని చాలావరకు చుట్టి పోతాయి.

రెండోది, దగ్గర్లో దిగే చోటు. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, రెండోదానితో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలని నియమం. కొన్ని విమానాలకు మూడు గంటలు, బాగా నమ్మకమైనవాటికి అయిదున్నర గంటలు, ఆపైన కూడా అనుమతి ఉంది. దారి గీసేటప్పుడు ఆ ఆపద్ధర్మపు విమానాశ్రయాలన్నీ లెక్కలోకి వస్తాయి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో సమస్య వచ్చి రష్యా తూర్పు కొసనున్న మగదాన్‌లో క్షేమంగా దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అప్పటిదాకా ఆ ఊరి పేరు విననివాళ్ళు కూడా మరో విమానం వచ్చేదాకా అక్కడే ఉండాల్సి వచ్చింది.

మూడోది మనుషులు కట్టిన గోడ. ఆకాశానికి సరిహద్దులుండవని కవులు అనొచ్చు గానీ, పైలట్ అనలేడు. ప్రతి దేశానికీ తన నేలమీది గగనతలం మీద హక్కుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూతపడింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకి అంతకుముందు తొమ్మిదిన్నర గంటలు పట్టేది కాస్తా దాదాపు పదమూడుకు పెరిగింది. ఊళ్ళు కదల్లేదు, దూరం పెరగలేదు, దారి మూసుకుపోయిందంతే. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరిగి, కొన్ని మధ్యలో యూరప్‌లో ఇంధనం పోయించుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు నిలిపేశారు. ఆపడానికి చెప్పిన కారణాల్లో ఈ మూసివేత ఒకటి.

ఇవన్నీ చూసుకుంటే దుబాయ్ మీదుగా పోవడం మనం అనుకున్నంత చుట్టుదారి కాదు. హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్–డాలస్ సుమారు 12,900. మొత్తం 15,450. తిన్నటి దారంకన్నా వెయ్యి కిలోమీటర్ల చిల్లర ఎక్కువ, అంటే నూటికి ఏడు వంతులు. ఎగిరే సమయంలో తేడా గంటంబావు. మిగతా ఆలస్యమంతా దిగి, మళ్ళీ చెకింగ్ చేయించుకుని, ఇంకో గేటు దగ్గర ఎదురుచూడ్డంలో పోయేదే.

మధ్యలో దిగడంవల్ల ఒక లాభం కూడా ఉంది. ఇందాకటి 777-200ఎల్ఆర్ నిండుగా బయలుదేరితే 347 టన్నుల బరువు. అందులో ఇంధనమే 145 టన్నుల దాకా ఉండొచ్చు. పదహారో గంటలో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి పదిహేను గంటలూ మోసుకుపోవాలి, ఆ మోతకు మళ్ళీ ఇంధనం కాలాలి. మధ్యలో దిగి పోయించుకుంటే ఆ మోత తగ్గుతుంది.

ఏటికి ఎదురు, ఏటి వాలు

ఇప్పుడు రెండో ప్రశ్న. వెళ్ళేటప్పుడు 16 గంటలు, వచ్చేటప్పుడు పదిహేను లోపు.

చాలామంది టక్కున చెప్పే జవాబు ఒకటుంది. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి, అటు వెళ్ళినప్పుడు ఒక లెక్క, ఇటు వచ్చినప్పుడు ఒక లెక్క అని. ఇది నిజం కాదు. భూమితో పాటే దాన్ని అంటిపెట్టుకున్న గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. వేగంగా పోయే రైలుపెట్టెలో ఈగ ఎగిరితే వెనక గోడకు కొట్టుకోదు కదా, ఇదీ అంతే.

అసలు కారణం గాలే. రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీలో వెళ్ళినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏటికి ఎదురు వెళ్ళేటప్పుడు ఇంజిన్ ఎంత మొత్తుకున్నా గట్టు నెమ్మదిగా కదులుతుంది. వాలులో తిరిగొచ్చేటప్పుడు అదే ఇంజిన్‌తో గట్టు పరిగెడుతుంది. నీళ్ళలో లాంచీ వేగం రెండుసార్లూ ఒకటే.

ఆకాశంలోనూ అలాంటి ఏరు ఒకటుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువం దగ్గర చలి. ఆ తేడా గాలిని నడిపిస్తుంది, భూమి తిరుగుడు దాన్ని పడమర నుంచి తూర్పుకు మళ్ళిస్తుంది. సుమారు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు పోయే చోట, వందల కిలోమీటర్ల వెడల్పున ఈ గాలి పారుతుంటుంది. వేగం గంటకు 150 కిలోమీటర్లు మామూలు. చలికాలంలో 300 కూడా దాటుతుంది.

దీన్ని పసిగట్టిన తొలివాళ్ళలో జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు వసబురో ఊయిషి ఒకరు. 1920లలో గాలి బుడగలు వదిలి, అవి ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఆ సంగతిని ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. ఆ భాష వచ్చినవాళ్ళే తక్కువ కావడంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి ఎత్తున ఎగిరిన అమెరికా బాంబర్ల పైలట్లు ఆ గాలి దెబ్బ స్వయంగా తిన్నాకే దాని సంగతి అందరికీ తలకెక్కింది.

లెక్క చూద్దాం. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకోండి. దారి పొడుగునా సగటున 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేలమీది లెక్కకు 850. అంతే గాలి వెనకనుంచి తోస్తే 950. దుబాయ్–డాలస్ 12,900 కిలోమీటర్లకు మొదటి లెక్కన 15 గంటల 10 నిమిషాలు, రెండో లెక్కన 13 గంటల 35 నిమిషాలు. పెద్దమ్మ గంటన్నర ఇక్కడ దొరికింది.

గాలి మరీ కలిసొస్తే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో చూశారు. తుఫాను గాలి తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటల పైన పట్టే దారి అది. ఒక దశలో నేలమీది లెక్కన దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని మించలేదు. తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పటి వేగంతోనే పోయింది, ఆ గాలే పరిగెత్తింది.

అందుకే రోజూ దారి ఒకటే ఉండదు. ప్రతి ప్రయాణానికి ముందు గాలి లెక్కలు చూసి కొత్త గీత గీస్తారు. అమెరికా వైపు పోయేటప్పుడు ఈ ఏటిని తప్పుకుని ఉత్తరంగా పోవడానికి చూస్తారు. వచ్చేటప్పుడు వెతుక్కుంటూ వెళ్ళి అందులో దూరుతారు. దారం పొడవుకన్నా కాస్త ఎక్కువ దూరం ఎగిరినా, తక్కువ సేపట్లో చేరడమే కాదు, ఇంధనమూ మిగులుతుంది. అందుకే తిరుగు ప్రయాణంలో పెద్దమ్మకు తెరమీద గ్రీన్‌లాండ్ రాలేదు. అట్లాంటిక్, యూరప్ కనిపించాయి.

గంటలు ఏమయ్యాయి

మూడో ప్రశ్నకు వేళ్ళ మీద లెక్క చాలు. హైదరాబాద్ టైము ప్రకారం సోమవారం పొద్దున నాలుగింటికి బయలుదేరింది. నాలుగు గంటలు దుబాయ్‌కి, రెండు గంటలు అక్కడ ఎదురుచూపు, పదహారు గంటలు డాలస్‌కి. మొత్తం 22 గంటలు. మన గడియారంలో అప్పుడు మంగళవారం తెల్లవారుజాము రెండు. డాలస్ చలికాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. తీసేస్తే సోమవారం మధ్యాహ్నం రెండున్నర. గంటలు ఎక్కడికీ పోలేదు, గడియారం వెనక్కి తిప్పుకున్నాం.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా పదిన్నర గంటలే. వెళ్ళేటప్పుడు పెద్దమ్మకు కలిసొచ్చిన గంటల్ని తిరుగు ప్రయాణంలో వడ్డీ లేకుండా కక్కించారు. మధ్యాహ్నం పన్నెండింటికి డాలస్‌లో ఎక్కితే అప్పటికి మనకు రాత్రి పదిన్నర. 21 గంటల తర్వాత హైదరాబాద్‌లో దిగితే మర్నాడు సాయంత్రం ఏడున్నర. టికెట్ మీద అంకెలు తీసేసి చూస్తే ముప్ఫై ఒకటిన్నర గంటలు ప్రయాణం చేసినట్టుంటుంది.

వెళ్ళేటప్పుడు అంతసేపట్లోనూ పగలు ఒక్కటే గడవడంలో ఇంకో సొగసుంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. పుచ్చకాయ తొడిమ వైపు వెళ్ళేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది, ఆ వేగమూ తగ్గుతుంది. అరవయ్యో అక్షాంశం దగ్గర అది 835 కిలోమీటర్లే. అక్కడ పడమరగా 850 పోయే విమానం సూర్యుడితో సమానంగా నడుస్తున్నట్టే. ఇంకా పైకెళ్తే సూర్యుణ్ణే దాటుతుంది. అందుకే పెద్దమ్మ కిటికీలో సూర్యుడు గంటల తరబడి ఆకాశం అంచునే, ఎక్కీ ఎక్కకుండా, దిగీ దిగకుండా ఉండిపోయాడు.

మీరే లెక్క కట్టుకోండి

ఏ రెండు ఊళ్ళకైనా ప్రయాణకాలం అంచనా వేయడానికి మోటు లెక్క ఒకటుంది. గోళం మీద దారం దూరం తీసుకోండి. దాన్ని 850తో భాగించండి. పైకి లేవడానికి, దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి అరగంట కలపండి. హైదరాబాద్–ఢిల్లీ 1,250 కిలోమీటర్లకు రెండు గంటలు వస్తుంది. దుబాయ్‌కి మూడున్నర వస్తుంది. టికెట్ మీద ఇంకో పావుగంటో అరగంటో ఎక్కువ కనిపిస్తే కంగారుపడకండి. టికెట్ సమయం గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా లెక్క. పైగా ఆలస్యమైందన్న మాట రాకుండా విమాన సంస్థలు కొంత వెసులుబాటు వేసుకుంటాయి. చెప్పిన టైముకన్నా ముందే దిగామని మనం సంబరపడే రోజుల్లో కొన్ని ఈ వెసులుబాటు పుణ్యమే.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. చలికాలంలో పడమరకా వెళ్తున్నది? అయితే దూరాన్ని బట్టి ఇంకొంత కలపండి. దారిలో ఏ దేశపు ఆకాశమైనా మూసి ఉందా? అయితే దూరమే కొత్తగా కొలవాలి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య దాడులు జరిగిన రోజుల్లో ఇరాన్ గగనతలం మూతపడి, గల్ఫ్ మీదుగా పోయే ఎన్నో విమానాలు దారి మార్చుకున్నాయి. మధ్యలో ఆగడం ఉందా? అయితే ఎదురుచూపు ఎంతో చూడండి, ప్రయాణం సాగేదీ కుదిరేదీ చాలావరకు అక్కడే. ఒక మాట మాత్రం మరవకండి. దిగే టైములోంచి ఎక్కిన టైము తీసేసి అదే ప్రయాణకాలం అనుకుంటే, గడియారాలు వేరైన ఊళ్ళ మధ్య తప్పే వస్తుంది. రెండింటినీ ముందు ఒకే ఊరి గడియారంలోకి మార్చుకోవాలి.

ఇదంతా పుచ్చకాయ పెట్టి, దారం బిగించి పెద్దమ్మకు చెప్పాను. ఓపిగ్గా విన్నది. దారాన్ని తనే ఒకసారి లాగి చూసి, అది తొడిమ వైపు జరగడం గమనించి తల ఊపింది.

"డిసెంబరులో ఆ గ్రీన్‌లాండ్ పక్కన పగలు నాలుగు గంటలైనా ఉండదు పెద్దమ్మా. కళ్ళు తెరిచినా నీకు మసకే కనిపించేది" అన్నాను.

"అయితే ఈసారి టికెట్ జూన్‌లో తియ్యమని మావాడికి చెప్పు" అంది పుచ్చకాయ కొయ్యడానికి కత్తిపీట అందుకుంటూ. "కిటికీ పక్కన సీటు. దారి తప్పలేదని తెలిశాక ఆ మంచేదో కళ్ళారా చూడొద్దూ!"